తూర్పు చెరువులో రొయ్యలు బతికాయి

ఆదివారం మధ్యాహ్నం దీవి హార్బర్ పక్కన హాడోలోని ఆ మేడమెట్లు ఎక్కే ధైర్యం మామూలుగా ఎవరికీ ఉండదు. పైన ఉండే ప్రైవేట్ డిటెక్టివ్ పద్మినికి భోజనం కాగానే కునుకు తీసే అలవాటుంది. ఆ కునుకు చెడగొట్టినవాళ్ళని ఆవిడ అంత తేలిగ్గా వదలదు. ఇరవై ఏళ్ళపాటు హార్బర్‌లో ఓడల నుంచి దిగే సరుకు తనిఖీ చేసి, ఏ బస్తా ఎందుకు తడిసిందో, ఏ పెట్టె ఎక్కడ పగిలిందో తేల్చిన మనిషి. ఆ ఉద్యోగం మానేశాక మనుషుల్ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడకి తెలియనిది లోకంలో లేదని అసిస్టెంటు యేసు కుమార్ గట్టి నమ్మకం.

ఆ రోజు మెట్లు ఎక్కి వచ్చినామెను చూసి మాత్రం పద్మిని విసుక్కోలేకపోయింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర మోకాళ్ళదాకా బురద. చంకలో బైబిల్ అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏడుపు రావడానికి కూడా వ్యవధి లేనంత దెబ్బ తగిలిన మొహం అది.

"దీదీ, నా పేరు లీదియా. నా చేపలన్నీ చచ్చిపోయాయి. ఒక్కటి మిగల్లేదు."

యేసు కుమార్ మంచినీళ్ళు ఇచ్చి నోట్‌బుక్ తెరిచాడు. అతను తెలుగు గడగడా మాట్లాడతాడు కాని రాయడం హిందీ అక్షరాల్లోనే.

లీదియా చెప్పిన సంగతి ఇది. హాడో పక్కన చాతం రేవు నుంచి ఫెర్రీలో అవతలికి వెళ్తే బాంబూఫ్లాట్. అక్కడ సత్యారావుకి రెండు చిన్న చెరువులున్నాయి. రెండింట్లోనూ రాగండి, బొచ్చె చేపలు. పడమటి చెరువుకి ఆయన మేనల్లుడు యుగంధర్ అమ్మే కంపెనీ మేత వేస్తారు. తూర్పు చెరువుకి మూడేళ్ళుగా లీదియా మేత. తవుడు, వేరుశనగ చెక్కలో నేలవేము, వెల్లుల్లి, పసుపు, నోని ఆకుపొడి కలిపి ఆమె తయారు చేస్తుంది. కిందటి మూడు వర్షాకాలాలూ ఎర్రమచ్చల జబ్బు వచ్చి పడమటి చెరువులో సగం చేపలు పోయాయి. తూర్పు చెరువులో మచ్చలు వచ్చినవి కూడా కోలుకున్నాయి.

"రేపు తొమ్మిదింటికి మెయిన్‌ల్యాండ్ నుంచి పరిశోధకులు వస్తున్నారు, సాంపిల్‌కి. చేపమాంసంలో మందుల జాడ లేదని తేలితే దీవుల్లో నలభై చెరువులకి నా మేత వేయిస్తారు. ఇప్పుడేమో సత్యారావు బాబాయి నా మేతే విషం అంటున్నారు. నేను చెయ్యి పెడితే చేప చస్తుందని రేపు అందరూ అంటారు. నేను తేలిగ్గా తీసుకోలేను దీదీ. మూడేళ్ళు నాకు ఇదే పని."

"చివరిసారి మేత ఎప్పుడు వేశావమ్మా?"

"శుక్రవారం. సాంపిల్ ముందు పస్తుంచాలి. శనివారం సంచులన్నీ నేనే ఉతికి తాడు మీద ఆరేశాను. మేము కొల్లేరు వాళ్ళలాగే చిల్లుల సంచుల్లో మేత నింపి వెదురు గడలకి కడతాం. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. మొత్తం పది సంచులు."

"ఈ ఉదయం?"

"ఆరున్నరకి మా ఆయన బెన్‌హర్ వెళ్ళి చేపలకి గాలి అందేలా నీళ్ళలో గాలిచక్రం వేసొచ్చారు. అప్పటికి చేపలు బాగానే ఉన్నాయి. ఏడున్నర ఫెర్రీలో హాడో చర్చికి వచ్చాం. పన్నెండింటికి తిరిగి వెళ్ళేసరికి..." ఆమె బైబిల్ బల్ల మీద పెట్టింది. "చెరువు మీద తెల్లదుప్పటి పరిచినట్టు తేలుతున్నాయి."

పద్మిని లేచి చెప్పులు వేసుకుంది. కునుకు సంగతి మరిచిపోయింది.

*

ఫెర్రీలో లీదియా వాళ్ళ చర్చి మనిషి చిన్నమ్మి తగిలింది. చేపల కబురు అప్పుడే ఆమెకి చేరిపోయింది. "అయ్యో, ఎంత పనయిపోనాది లీదియా!" అని చెయ్యి పట్టుకుని, ఊపిరి తీసుకునే లోపలే ఇంకో మాట అందుకుంది. "దెబ్బ మీద దెబ్బ గదా మీకు. మొన్నొచ్చిన వైజాగ్ ఓడలో మీ ఆయన తెప్పించిన కుంకుళ్ళ బస్తా కూడా తడిసి కుళ్ళిపోనాదంట. క్వాయర్‌లో పాడే ఆడోళ్ళవందరం నిన్న సబ్బుతోనే తలంటుకున్నాం. బస్, అంతే, జుట్టు పీచయిపోనాది."

వైజాగ్ నుంచి ఎవరు సరుకు తెప్పించుకున్నా చర్చి ఆడవాళ్ళకి ఒక బస్తా కుంకుడుకాయలు దాంట్లో వేయించడం అక్కడి రివాజు. శనివారం తలంటు లేకుండా ఆదివారం చర్చికి వస్తే వాళ్ళకి వచ్చినట్టే ఉండదు. అయినా ఒకామె మూడేళ్ళ కష్టం నీళ్ళపాలై కూర్చుంటే, ఇంకొకామెకి జుట్టు బెంగ! యేసు కుమార్‌కి ఒళ్ళు మండింది. పద్మిని మాత్రం చిన్నమ్మి మాటల్ని శ్రద్ధగా వింది.

చెరువు దగ్గర కంపు అప్పుడే మొదలైంది. మూడు పక్కలా ఉప్పుటేరు, మడచెట్లు. నాలుగో పక్క గేటు. గట్టు కింద పెద్ద గొయ్యిలో చేపలు వేసి, సున్నం చల్లి, సగానికి పైగా పూడ్చేశారు. పారతో మట్టి లాగుతున్నవాడు బెన్‌హర్. నలభై ఏళ్ళ పొడుగాటి మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, రెప్పలు వాచిపోయాయి. మాటిమాటికీ భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. భార్య చేపల కోసం ఇంతగా ఏడ్చిన భర్తని యేసు కుమార్ ఎక్కడా చూడలేదు. అతని గుండె కరిగిపోయింది.

"అప్పుడే పూడ్చేస్తున్నారేం?" అంది పద్మిని.

"ఎండ దీదీ. కుళ్ళితే పడమటి చెరువుకి కూడా జబ్బు అంటుకుంటాది. ఎరువు కోసం నిన్ననే తవ్వించిన గొయ్యి ఉంది కదా అని..."

"రెండు చేపలు నాకు కావాలి."

"అరే, ఏం చేసుకుంటారు దీదీ? కంపు కొడతాయి."

"మా ఇంట్లో ఐసు ఉందిలే." గట్టు మీద పడున్న తడిసిన మేతసంచి చూపించి, "అందులోనే వేసివ్వు," అంది. అతను ఒక్క క్షణం తటపటాయించి, వేసిచ్చాడు.

పద్మిని గట్టు మీదే ఇంకో చేపని కత్తితో కోసింది. పేగు ఖాళీగా ఉంది. తర్వాత నీటి అంచున గొంతుకూర్చుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. యేసు కుమార్ కూడా వంగి చూశాడు. అంచున గడ్డి మొదట్లో వేలెడు రొయ్యలు చురుగ్గా పాకుతున్నాయి. ఒక పీత బురదలోంచి కళ్ళు బయటపెట్టింది. గాలిచక్రం ఆపి మూడు గంటలైనా ఒడ్డు పొడుగునా తెల్లటి నురగ ఇంకా విరగలేదు.

*

మేత షెడ్డులో ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలుపెట్టింది. ముందు కావలివాడు పైడిబాబు వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాను కునుకు కూడా తియ్యలేదు దీదీ. ఈళ్ళు సర్చీకెళ్ళిన కాణ్ణుంచీ గేటు కాడే కూకున్నాను. పురుగు కూడా లోనకి రానేదు. సత్తేరావుబాబు నన్ను పోలీసులకి ఒగ్గేస్తానంటన్నారు."

"నువ్వు చెరువు వంక చూడలేదా?"

"గేటు కాణ్ణుంచి గట్టు అడ్డం. పన్నెండింటికి ఈళ్ళొచ్చి సూసీసరికి గోల. బెన్‌హర్ భయ్యా ఏడుసుకుంటా ఉత్త సేతుల్తో నీళ్ళలోకి ఉరికీసినాడు. గుండెల్లోతు దిగిపోనాడు. సంచి నిండా సచ్చిన సేపలెత్తుకుని పైకొచ్చినాడు. నాను అలాటి మొగుణ్ణి సూడనేదు."

"తాడు మీద ఇప్పుడు ఎన్ని సంచులున్నాయి?"

పైడిబాబు తొంగిచూసి లెక్కపెట్టాడు. "తొమ్మిది."

తర్వాత యుగంధర్ వచ్చాడు. ఖరీదైన చొక్కా, దానికి తగ్గ పొగరు. "నామీదేగా మీ శక్? లీదియా మేత పాసైతే నా దుకాణానికి తాళం. నిజమే, కాదన్ను. కాని మేడమ్, నేనే చేసుంటే విషం మేతలో కలుపుతాను. ఆ మేత డ్రమ్ము ఊరంతా తిప్పి చూపిస్తాను. ఎవడో ఉల్లూ ఆ డ్రమ్ము కడిగి బోర్లించాడు. దాంతో నాకేం ఫాయిదా?"

అతను చూపించిన మూల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. శనివారం సాయంత్రం దాంట్లో సగానికి మూలికల మేత ఉందని లీదియా చెప్పింది. ఎవరు కడిగారో తెలీదని అందరూ అన్నారు.

సత్యారావు కుర్చీలో కూలబడి ఉన్నాడు. "ఆడపిల్ల కష్టపడుతోందని చెరువిచ్చాను. ఆ ఆకులూ అలములూ నమ్మి మునిగాను," అని తలకొట్టుకున్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది.

చివరగా బెన్‌హర్ వచ్చి రెండుసార్లు గట్టిగా తుమ్మి కూర్చున్నాడు.

"ఈ తవుడు ఎప్పుడు వచ్చింది?"

"మొన్న గురువారం దీదీ, వైజాగ్ ఓడలో. నా సరుకంతా ఎప్పుడూ ఒకే లోడులో వస్తాది. ఓడలో ఒకే మూల వేస్తారు."

పద్మిని ఒక్కొక్క తవుడు బస్తాలోనూ మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసింది. తవుడు పొడిపొడిగా రాలింది. "మంచి తవుడు," అని మెచ్చుకుని, చెయ్యి దులుపుకుని లేచింది. "రేపు ఎనిమిదింటికి అందరూ ఇక్కడే ఉండండి. వాళ్ళు వచ్చేలోపు తేల్చేద్దాం."

తిరుగు ఫెర్రీలో యేసు కుమార్ ఆగలేకపోయాడు. "మేడమ్, యుగంధరే కదా?"

"నువ్వు చిన్నప్పుడు తలంటుకి ఏడ్చేవాడివా, కుమార్?"

అతను తెల్లబోయాడు. పద్మిని నీళ్ళ వైపు తిరిగింది. ఆవిడ మొహం అంత దిగులుగా ఉండడం అతను అంతకుముందు చూడలేదు.

*

సోమవారం ఎనిమిదింటికి షెడ్డులో అందరూ ఉన్నారు. పద్మిని ఒక బకెట్ నీళ్ళు తెప్పించి ముందు పెట్టుకుంది.

"ముందు చేపలు ఎలా చచ్చాయో చెబుతాను. మేత వల్ల కాదు. పేగులు ఖాళీ. శుక్రవారం తర్వాత వాటి నోట్లోకి ఏమీ పోలేదు."

లీదియా కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"నీళ్ళలో గాలి తక్కువై చావలేదు. అలాగైతే రొయ్యలూ మిగిలేవి కావు. పురుగుమందు కూడా కాదు. పురుగుమందు పడితే ముందు చచ్చేవి రొయ్యలూ పీతలే. చేపలన్నీ పోయి రొయ్యలు బతికాయంటే ఆ విషం చేపల మొప్పల్ని మాత్రమే పట్టేది. రొయ్యల చెరువుల్లో పనికిరాని చేపల్ని తీసేయడానికి నురగ వచ్చే గింజల చెక్క చల్లుతారు. యుగంధర్ కూడా అమ్ముతాడు."

"చూశారా!" అని సత్యారావు లేచాడు.

"కూర్చోండి బాబాయి. అలా నురగ వచ్చేది మన ఇళ్ళలోనే ఇంకోటి ఉంది." పద్మిని నిన్నటి తడిసంచి తీసి బకెట్‌లో ముంచి నాలుగుసార్లు పిండింది. బకెట్ నిండా తెల్లటి నురగ పొంగి నేలమీదకి జారింది. ఆ వాసన తగలగానే తెలుగిళ్ళలో పెరిగిన వాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది.

"కుంకుళ్ళు!" అన్నాడు పైడిబాబు.

"పొడి చేసిన కుంకుళ్ళు. ఈ సంచిలో నింపి గాలిచక్రం పక్క గడకి కట్టారు. చక్రం తిరిగేకొద్దీ రసం చెరువంతా కలిసింది. చేపలు చావడానికి గంటో రెండు గంటలో చాలు. పైడిబాబు చెప్పింది అక్షరాలా నిజం. చర్చి టైములో ఎవరూ లోపలికి రాలేదు. వచ్చే పని లేదు. సంచి ఆరున్నరకే కట్టారు."

ఆరున్నరకి చెరువు దగ్గరికి వెళ్ళింది ఎవరో అందరికీ తెలుసు. ఒక్కరూ అటు చూడలేదు. యేసు కుమార్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"సంచి అక్కడే ఉంటే దొరికిపోతుంది కదా? అందుకే అందరికంటే ముందు నీళ్ళలోకి దూకాడు. ఉత్త చేతులతో దిగిన మనిషి సంచితో పైకి వచ్చాడు. మిగిలిన తొమ్మిదీ తాడు మీదే ఉన్నాయి. ఆ నీళ్ళ చేతులతోనే కళ్ళు నులుముకున్నాడు. కుంకుడు రసం కళ్ళలో పడితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక కుంకుళ్ళు ఎక్కడివంటారా? ఓడలో తడిసి కుళ్ళిపోయిందని చెప్పిన బస్తా. నేను ఇరవై ఏళ్ళు ఓడసరుకు చూశాను. ఒకే లోడులో, ఒకే మూల వేసిన బస్తాల్లో కుంకుళ్ళు తడిసి కుళ్ళితే తవుడు పొడిగా ఉండదు."

"అబద్ధం," అంది లీదియా. "దీదీ, ఆయన ఎందుకు చేస్తారు? రాత్రీ పగలూ నాతో పాటు తవుడు జల్లించిన మనిషి. ఆయనకేం పని?"

"దానికి జవాబు ఆ డ్రమ్ములో ఉందమ్మా. నీమీద పగ ఉన్నవాడు నీ మేత మిగలాలనుకుంటాడు. యుగంధర్ ఆ మాటే అన్నాడు. మేత కడిగేసి, ఒకరోజు ముందే గొయ్యి తవ్వించి, పరీక్షకి ఒక్క చేప మిగలకుండా సున్నంలో పూడ్చిన మనిషికి కావలసింది నీ చెడు కాదు. నీ మేతలో ఏముందో, నీ చేపల ఒంట్లో ఏముందో ఎవరికీ తెలియకూడదని. రెండు చేపలు నా దగ్గర ఐసులో ఉన్నాయి బెన్‌హర్. ల్యాబుకి పంపమంటావా?"

బెన్‌హర్ మోకాళ్ళ మీదికి వంగిపోయాడు. 

"మొదటి ఏడాది వర్షాలప్పుడు మచ్చలొచ్చినాయి దీదీ. రోజుకి యాభై చేపలు తేలేవి. లీదియా అన్నం మానేసింది. ప్రార్థనలో కూర్చుంటే లేచేది కాదు. చూడలేకపోయాను. వైజాగ్ నుంచి యాంటీబయాటిక్ తెప్పించి మేతలో కలిపేసినాను. పసుప్పచ్చటి పొడి, పసుపులో కలిసిపోయింది. ఒక్కసారే అనుకున్నాను. చేపలు తేరుకున్నాయి. లీదియా నవ్వింది. ఆ తర్వాత ఆపితే మళ్ళీ చస్తాయేమోనని..."

"ఎన్నాళ్ళు?" అంది పద్మిని.

"మూడేళ్ళూ."

 యుగంధర్ తల దించుకున్నాడు.

"మాంసం పరీక్ష అని వాళ్ళు మొన్నటిదాకా చెప్పలేదు దీదీ. చెప్పినాక ఇంకేం దారి లేకపోయింది. ఎవరో దుష్మన్ చేసినాడనుకుంటారు, మేత పేరు నిలబడతాది, మళ్ళీ చేపపిల్లలు వేసుకోవచ్చు అనుకున్నాను. నీ మేత మీద నింద వస్తాదని ఆలోచించలేదు లీదియా. యేసు సాక్షిగా ఆలోచించలేదు."

లీదియా కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆమె భర్తని ఏకవచనంలో పిలవడం అక్కడున్న ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నువ్వు మందు కలపకపోతే నా చేపలు బతికేవా, చచ్చేవా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. ఇంక ఎవరికీ తెలీదు." ఆమె మాట తడబడలేదు. అదే అందర్నీ భయపెట్టింది. "జబ్బుపడిన చేపల్ని ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఏ ఆకు ఎన్ని రోజులకి పనిచేసిందో రాసుకున్నాను. ఆ రాసుకున్నదాంట్లో ఒక్క మాట కూడా నిజమో కాదో తెలీకుండా చేశావు. నా మేత మీద నీకు ఒక్క రోజైనా నమ్మకం లేదా?"

బెన్‌హర్ కడిగి బోర్లించిన డ్రమ్ము వంక చూశాడు. అదే జవాబని అందరికీ అర్థమైంది, అతనికి కూడా.

బయట వ్యాను హారన్ వినిపించింది. పరిశోధకులు పావుగంట ముందే వచ్చేశారు. సత్యారావు గబగబా లేచి లీదియా దగ్గరికి వచ్చాడు. నిన్నటి కోపం ఆయన మొహంలో లేదు.

"అమ్మా, నా మాట విను. ఎవడో విషం కలిపాడని చెబుదాం. అది అబద్ధం కూడా కాదు. ఈ మందు సంగతి మన ఏడుగురి మధ్యే ఉంటుంది. నలభై చెరువుల వాళ్ళు నీ మేత కోసం చూస్తున్నారు."

లీదియా పద్మిని వంక చూసింది. పద్మిని ఏ సలహా ఇవ్వలేదు. తన పని ఎవరు చేశారో తేల్చడం వరకే. ఆ తర్వాతది లీదియాదే.

"వాళ్ళ చెరువుల్లో జబ్బు వస్తే బెన్‌హర్ ఉండడు కదా బాబాయి, దొంగచాటుగా మందు కలపడానికి," అంది లీదియా. కొంగు బిగించి గేటు దాకా నడిచి వెళ్ళింది.

షెడ్డులోంచి వాళ్ళకి మాటలు వినపడలేదు. వ్యాను దిగిన పెద్దావిడ ముందు నవ్వుతూ చెయ్యి చాపింది. లీదియా మాట్లాడుతున్నకొద్దీ ఆవిడ నవ్వు ఆరిపోయింది. కుర్రవాడొకడు ఫైలు తెరిచాడు. లీదియా తన నోట్‌బుక్కులు మూడూ సంచిలోంచి తీసి అతనికి ఇచ్చింది. ఏదో చెప్పింది. అతను మొదటి పేజీ మీద అడ్డంగా పెద్ద గీత గీశాడు. ఆమె ఆ గీత కింద సంతకం పెట్టడం చూసి యేసు కుమార్ తన నోట్‌బుక్ మూసేశాడు.

వ్యాను వెళ్ళిపోయాక ఆమె తిరిగి వచ్చింది.

"ఏమన్నారు?" అంది పద్మిని.

"మూడేళ్ళూ చెల్లవు అన్నారు. మళ్ళీ మొదట్నుంచి చేస్తే వచ్చి చూస్తామన్నారు. మాట ఇవ్వలేదు."

సత్యారావు గొంతు సవరించుకున్నాడు. "చేస్తావా? నీళ్ళు తోడించి చెరువు నేను బాగుచేయిస్తాను."

"చేస్తాను బాబాయి. జబ్బొస్తే చేపలు చచ్చిపోవచ్చు. చస్తే చచ్చాయని రాస్తాను. ఒకటే షరతు." ఆమె భర్త వైపు తిరగలేదు. "మేత నేనొక్కదాన్నే కలుపుతాను. ఆయన ఈ గట్టు ఎక్కకూడదు."

బెన్‌హర్ లేచాడు.  చెప్పులు తొడుక్కుని, గేటు దాటి, ఫెర్రీ ఉన్న దిక్కుకి నడిచాడు. రోడ్డు మలుపు దగ్గర ఒకసారి నిలబడ్డాడు, పిలుస్తుందేమోనని.

లీదియా పిలవలేదు.